దేశ స్థాయి ఎనర్జీ మోడల్‌లో గ్రీన్ హైడ్రోజన్, సింథటిక్ ఫ్యూయెల్స్ ఎలా పెట్టాలి

ఒక దేశం ఫలానా ఏడాదికల్లా నెట్ జీరో అంటుంది, దానికో ఎనర్జీ మోడల్ (దేశ అవసరాలని అతి తక్కువ ఖర్చుతో ఎలా తీర్చాలో తేల్చే కంప్యూటర్ లెక్క) కట్టమని మనకి చెప్తారు, అందులో గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంట్‌తో నీళ్ళ నుంచి తీసింది) కచ్చితంగా ఉండాలంటారు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే ఏదో పాలసీ డాక్యుమెంట్‌లో "ఏడాదికి ఇన్ని మిలియన్ టన్నులు" అని ఉన్న అంకెని తెచ్చి నేరుగా డిమాండ్ కాలమ్‌లో పెట్టేస్తారు. ఇంక మోడల్ చెయ్యడానికి ఏం మిగిలింది, ఆ అంకెకి ఎన్ని సోలార్ ప్యానెళ్ళు, ఎన్ని ఎలక్ట్రోలైజర్లు (కరెంట్‌తో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీసే మెషీన్లు) కావాలో లెక్కేసి ఇస్తుంది, రిపోర్ట్ అయిపోతుంది, కానీ అసలు ఆ హైడ్రోజన్ అక్కడ కావాలా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే మొదటే చెప్తున్నా, హైడ్రోజన్‌ని డిమాండ్‌గా పెట్టకండి, పోటీలో పెట్టండి. కింద రాసేదంతా ఆ పోటీ న్యాయంగా జరగాలంటే ఏమేం చెయ్యాలన్నదే.

ముందు డిమాండ్ విడగొట్టండి

మోడల్‌కి ఇవ్వాల్సింది సర్వీస్ డిమాండ్. అంటే ఎన్ని టన్నుల స్టీల్, ఎన్ని టన్నుల ఎరువు, ఎన్ని ప్యాసింజర్ కిలోమీటర్ల విమాన ప్రయాణం, ఎంత ఇంటి వేడి, ఇలా. ప్రతి సర్వీస్‌కీ కనీసం మూడు దారులు ఇవ్వండి, డైరెక్ట్ కరెంట్ దారి, హైడ్రోజన్ లేదా సింథటిక్ ఫ్యూయెల్ (హైడ్రోజన్‌ని కార్బన్‌తో కలిపి చేసే ఇంధనం) దారి, ఇప్పుడున్న ఫాజిల్ దారి, అంటే బొగ్గు, గ్యాస్, చమురు (కార్బన్ క్యాప్చర్, అంటే పొగలోని కార్బన్ పట్టుకోవడంతోనూ, అది లేకుండానూ). కుదిరితే బయో దారి నాలుగోది.

కొన్ని చోట్ల కరెంట్ దారి నిజంగానే ఉండదు. అమ్మోనియాలో హైడ్రోజన్ ముడిసరుకు, దాన్ని బ్యాటరీతో మార్చలేం. ఐరన్ ఓర్ నుంచి ఆక్సిజన్‌ని హైడ్రోజన్‌తో లాగెయ్యాలంటే టన్ను ఇనుముకి సుమారు 54 కేజీల హైడ్రోజన్ కావాలి, ఇది కెమిస్ట్రీ చెప్పే కనీసం. రిఫైనరీలు ఇప్పటికే వాడుతున్నాయి. ప్రపంచం మొత్తం హైడ్రోజన్ వాడకం 2023లో సుమారు 97 మిలియన్ టన్నులు, దాదాపు అంతా గ్యాస్, బొగ్గు నుంచి వచ్చిందే, కాబట్టి మొదటి పని ఉన్న హైడ్రోజన్‌ని శుభ్రం చెయ్యడం. మీ మోడల్‌లో ఈ ఇప్పటి వాడకం బేస్ ఇయర్‌లో (లెక్క మొదలయ్యే ఏడాదిలో) విడిగా కనపడాలి. చాలా నేషనల్ ఎనర్జీ బ్యాలెన్స్‌లలో ఇది ఎరువుల ఫ్యాక్టరీ గ్యాస్ వాడకంలోనో రిఫైనరీ సొంత వాడకంలోనో కలిసిపోయి ఉంటుంది, దాన్ని తవ్వి బయటికి తియ్యాలి. బోరు పనే, కానీ ఇది చెయ్యకపోతే మిగతా అంతా గాల్లో లెక్క.

ఇళ్ళ వేడి, చిన్న కార్లు లాంటివి వేరే కథ. ఒక యూనిట్ కరెంట్ హీట్ పంప్‌కి (బయటి వేడిని ఇంట్లోకి తోడే, ఏసీ లాంటి మెషీన్‌కి) ఇస్తే సుమారు 3 యూనిట్ల వేడి వస్తుంది, అదే కరెంట్‌తో హైడ్రోజన్ చేసి బాయిలర్‌లో కాలిస్తే 0.6 కూడా దాటదు, అంటే 5 రెట్ల తేడా. అయినా హైడ్రోజన్ బాయిలర్‌ని మోడల్‌లోంచి తీసెయ్యకండి, ఉండనివ్వండి, ఓడిపోతే ఓడిపోయిందని రిజల్ట్‌లోనే కనిపిస్తుంది. మీరే ముందుగా తీసేస్తే ఆ తీర్పు మోడల్‌ది కాదు మీది అవుతుంది.

కాగితం మీద లెక్క, సాఫ్ట్‌వేర్ కంటే ముందు

ఏ టూల్ తెరవకముందే చెయ్యాల్సిన లెక్క ఒకటుంది. ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా అనుకోండి. టన్ను అమ్మోనియాలో సుమారు 177 కేజీల హైడ్రోజన్ ఉంటుంది. కేజీ హైడ్రోజన్‌కి ఎలక్ట్రోలైజర్ సిస్టమ్ మొత్తం కలిపి 52 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంట్ అనుకుందాం (50 నుంచి 55 మధ్యలో వేసుకోవచ్చు). అంటే 1.77 లక్షల టన్నుల హైడ్రోజన్, 9.2 టెరావాట్ అవర్లు (ఒక టెరావాట్ అవర్ అంటే 100 కోట్ల యూనిట్లు). గాలి నుంచి నైట్రోజన్ వేరు చెయ్యడానికి, కంప్రెసర్లకి ఇంకొంచెం కలిపితే 10 టెరావాట్ అవర్ల దగ్గరికి వస్తుంది. 25 శాతం కెపాసిటీ ఫ్యాక్టర్ (ఏడాదంతా ఫుల్‌గా నడిస్తే వచ్చేదాంట్లో నిజంగా వచ్చే భాగం) ఉన్న సోలార్ ఒక గిగావాట్ ఏడాదికి 2.19 టెరావాట్ అవర్లు ఇస్తుంది కాబట్టి ఒక్క ఈ అమ్మోనియాకే సుమారు 4.5 గిగావాట్ల సోలార్ కావాలి. తర్వాత మోడల్ మీకు 2 గిగావాట్లు చాలు అని చెప్తే ఎక్కడో యూనిట్ తప్పిందని వెంటనే తెలిసిపోతుంది.

యూనిట్ అంటే గుర్తొచ్చింది, ఈ ఫీల్డ్‌లో ఎక్కువ గందరగోళం హీటింగ్ వాల్యూ (కాలిస్తే వచ్చే వేడి) దగ్గరే. కాల్చినప్పుడు పుట్టే ఆవిరిలో ఉన్న వేడిని కలపకపోతే లోయర్, కలిపితే హయ్యర్. కేజీ హైడ్రోజన్‌లో లోయర్ హీటింగ్ వాల్యూ ప్రకారం 33.3 యూనిట్లు, హయ్యర్ ప్రకారం 39.4. అదే 52 యూనిట్ల ఎలక్ట్రోలైజర్ ఒక పేపర్‌లో 64 శాతం ఎఫిషియెన్సీ, ఇంకో బ్రోషర్‌లో 76 శాతం. రెండూ కరెక్టే, మెషీన్ అదే. మీరు 76 తీసుకుని హైడ్రోజన్ డిమాండ్‌ని 33.3తో లెక్కేస్తే ఉచితంగా 18 శాతం ఎనర్జీ పుట్టుకొస్తుంది. మోడల్ మొత్తం లోయర్‌లోనే ఉంచండి, ప్రతి ఇన్‌పుట్ పక్కనా ఏ ఆధారం మీద వచ్చిందో రాయండి.

టూల్, డేటా

దీని మీద పెద్దగా వాదించుకోవక్కర్లేదు. ఓపెన్ సోర్స్‌లో పైప్సా ఉంది, ఓసిమోసిస్ ఉంది, క్యాలియోప్ ఉంది, ఐఐఏఎస్ఏ అనే పరిశోధనా సంస్థ వాళ్ళ మెసేజ్-ఐఎక్స్ ఉంది, టైమ్స్ చాలా ప్రభుత్వాలు వాడతాయి, లీప్ నేర్చుకోవడం తేలిక. గంట గంటకీ చూడాల్సిన హైడ్రోజన్ పనికి నా ఓటు పైప్సాకి, సాల్వర్‌గా (మోడల్ సమీకరణాలు విప్పే ప్రోగ్రామ్‌గా) హైస్ ఉచితం, మోడల్ పెద్దదైతే గురోబీ లాంటిది కావాల్సి వస్తుంది. ఎండ, గాలి డేటాకి యూరోపియన్ వాతావరణ సెంటర్ వాళ్ళ ఈఆర్ఏ5 అనే గత వాతావరణ రికార్డు గంటల వారీగా దొరుకుతుంది, దాన్ని కెపాసిటీ ఫ్యాక్టర్లుగా మార్చడానికి ఎట్‌లైట్ అనే ప్యాకేజీ ఉంది. కొండ ప్రాంతాల్లో ఈఆర్ఏ5 గాలి వేగం నమ్మదగ్గట్టు ఉండదు, గ్లోబల్ విండ్ అట్లాస్‌తో సరిచూసుకోండి. టెక్నాలజీ ఖర్చులకి డానిష్ ఎనర్జీ ఏజెన్సీ క్యాటలాగ్ మంచి మొదలు, కానీ అవి డెన్మార్క్‌ని దృష్టిలో పెట్టుకున్న అంకెలు, మీ దేశానికి లేబర్, ల్యాండ్, ఫైనాన్స్ మార్చుకోవాలి.

పైప్సాలో ఒక చిన్న విషయం దగ్గరగా చూపిస్తా, ఎందుకంటే ఇక్కడ పడిపోయేవాళ్ళు ఎక్కువ. పైప్సాలో బస్ అంటే ఒక రకం ఎనర్జీ లేదా సరుకు వచ్చి పోయే కూడలి, లింక్ అంటే ఒక బస్‌లో ఉన్నదాన్ని మార్చి ఇంకో బస్‌కి ఇచ్చే మెషీన్. ఎలక్ట్రోలైజర్‌ని లింక్‌గా పెడతాం, బస్0 కరెంట్, బస్1 హైడ్రోజన్, ఎఫిషియెన్సీ 0.64. లింక్ కెపాసిటీ ఎప్పుడూ బస్0 వైపు, అంటే ఇన్‌పుట్ వైపు లెక్క. ఎలక్ట్రోలైజర్ ఖర్చు కిలోవాట్ కరెంట్ ఇన్‌పుట్‌కి చెప్తారు కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. అదే ఫిషర్-ట్రాప్ష్ (హైడ్రోజన్, కార్బన్ కలిపి ద్రవ ఇంధనం చేసే పద్ధతి) ప్లాంట్ ఖర్చు సాధారణంగా అవుట్‌పుట్ ఫ్యూయెల్ కిలోవాట్‌కి చెప్తారు, దాన్ని ఎఫిషియెన్సీతో గుణించి పెట్టాలి, గుణించకపోతే ప్లాంట్ లేనిపోని ఖరీదు అవుతుంది. మెథనాల్ లింక్‌కైతే హైడ్రోజన్ బస్0, మెథనాల్ బస్1, కార్బన్ డయాక్సైడ్ బస్2, కరెంట్ బస్3, చివరి రెండూ లోపలికి వెళ్ళేవి కాబట్టి వాటి ఎఫిషియెన్సీలు మైనస్ గుర్తుతో ఇవ్వాలి. ఆ మైనస్ మర్చిపోతే ప్లాంట్ కార్బన్, కరెంట్ రెండూ బయటికి కక్కుతుంది, మోడల్ దాన్ని ఎగబడి కట్టేసుకుంటుంది.

టైమ్ దగ్గరే అసలు కథ

ఏడాదిని 12 టైమ్ స్లైస్‌లుగా విడగొట్టడం పాత పద్ధతి, సీజన్‌కో పగలు, రాత్రి, పీక్ అని. కరెంట్ ప్లానింగ్‌కి కొంతవరకూ నడుస్తుంది కానీ హైడ్రోజన్‌కి అస్సలు పనికిరాదు. ఎందుకంటే యావరేజ్ చేసిన గాలి ఎప్పుడూ ఒక మోస్తరుగా వీస్తూనే ఉంటుంది, ఎలక్ట్రోలైజర్ హాయిగా సగం పైన లోడ్ మీద నడుస్తుంది, ట్యాంక్ అవసరమే రాదు, కేజీ ఖర్చు చూడముచ్చటగా తగ్గిపోతుంది. నిజంలో ఏమవుతుందంటే వారం రోజులు మబ్బు పడుతుంది, గాలి ఆగిపోతుంది, ఆ వారంలో అమ్మోనియా ప్లాంట్‌కి హైడ్రోజన్ ఎవరిస్తారు అన్నదే ట్యాంక్ సైజ్‌ని, దాంతోపాటు మొత్తం ఖర్చుని తేలుస్తుంది.

కాబట్టి కుదిరితే ఏడాదిలోని 8760 గంటలూ పెట్టండి. కంప్యూటర్ మోయలేకపోతే మూడు గంటలకి ఒకటి చొప్పున తగ్గించండి, అదీ కాకపోతే రిప్రజెంటేటివ్ రోజులు (ఏడాది మొత్తానికి నమూనాగా ఎంచుకున్న కొన్ని రోజులు) వాడండి కానీ ఒక షరతు మీద: స్టోరేజ్ లెవెల్ అసలు క్యాలెండర్ వరుసలో ఒక రోజు నుంచి ఇంకో రోజుకి మోసుకెళ్ళాలి. ప్రతి రిప్రజెంటేటివ్ రోజూ మొదలైన లెవెల్‌లోనే ముగియాలి అని పెడితే ఎండాకాలం దాచి చలికాలం వాడటం అనేదే మోడల్‌లో ఉండదు, అప్పుడు బ్యాటరీ గెలిచి హైడ్రోజన్ స్టోరేజ్ ఓడిపోతుంది, అది టెక్నాలజీ ఓటమి కాదు మన ఫార్ములా ఓటమి. ఇంకోటి, ఒకే వాతావరణ సంవత్సరం మీద ఆధారపడొద్దు. గాలి బాగా తగ్గిన సంవత్సరం ఒకటి ఎంచుకుని దాంతో కూడా నడపండి.

ఫ్యాక్టరీ ఎంత వంగగలదు అన్నది ఇక్కడే పెట్టాలి. అమ్మోనియా ప్లాంట్‌కి ప్రతి గంటా ఉత్పత్తి కనీసం కెపాసిటీలో ఇంత శాతం ఉండాలని ఒక కన్‌స్ట్రెయింట్ (మోడల్ తప్పక పాటించాల్సిన షరతు), గంటకి ఇంతకంటే పెంచకూడదు తగ్గించకూడదని ఇంకోటి. ఆ కనీస లోడ్‌ని 80 శాతం పెట్టి ఒకసారి, 30 శాతం పెట్టి ఒకసారి నడిపి హైడ్రోజన్ ట్యాంక్ సైజ్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మోడల్ మొత్తంలో నాకు ఎక్కువ నేర్పే రన్ ఇదే, ఎందుకంటే ఎలక్ట్రోలైజర్ ధర గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు కూడా ప్లాంట్ ఫ్లెక్సిబిలిటీని ఒక్క డిఫాల్ట్ వాల్యూతో వదిలేస్తారు. స్టోరేజ్ ఎక్కడ అన్నదీ ముఖ్యమే. భూమి కింద ఉప్పు పొరల్లో తవ్విన గుహల్లో హైడ్రోజన్ దాచడం ఇంగ్లండ్‌లో టీసైడ్ దగ్గర 1970ల నుంచి, టెక్సస్‌లో 1980ల నుంచి జరుగుతోంది, స్టీల్ ట్యాంకులతో పోలిస్తే యూనిట్‌కి ఎన్నో రెట్లు చవక. కానీ ఆ ఉప్పు పొరలు దేశంలో ఉంటేనే ఆ ఆప్షన్ పెట్టాలి, ఉన్నా ఏ రీజియన్‌లో ఉన్నాయో ఆ నోడ్‌కే (మోడల్‌లో ఆ ప్రాంతాన్ని చూపే చుక్కకే) పెట్టాలి.

సింథటిక్ ఫ్యూయెల్ అంటే కార్బన్ లెక్క కూడా

విమానానికి ఒక టన్ను ఈ-కిరోసిన్ చెయ్యాలంటే కెమిస్ట్రీ ప్రకారమే సుమారు 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 0.43 టన్నుల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌కే 22 మెగావాట్ అవర్ల కరెంట్. కార్బన్‌ని గాల్లోంచి పట్టుకుంటే టన్నుకి వేడి, కరెంట్ కలిపి 2 మెగావాట్ అవర్లు వేసుకున్నా ఇంకో 6. అంటే 28 పెడితే చేతికొచ్చేది 12 మెగావాట్ అవర్ల ఫ్యూయెల్. ఫిషర్-ట్రాప్ష్ రియాక్షన్‌లో వచ్చే వేడిని కార్బన్ పట్టుకోవడానికి వాడుకుంటే కొంత కలిసొస్తుంది, ఆ వేడికి కూడా ఒక బస్ పెట్టండి. ఇంకో సంగతి, ఫిషర్-ట్రాప్ష్ నుంచి ఒక్క కిరోసినే రాదు, నాఫ్తా, డీజిల్ కూడా వస్తాయి, వాటిని ఎవరు కొంటారో మోడల్‌లో లేకపోతే ఆ ఖర్చంతా కిరోసిన్ మీద పడిపోతుంది, లేదా ఉన్నట్టుండి మాయమైపోతుంది.

కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఇంకా పెద్ద విషయం. బొగ్గు ప్లాంట్ పొగ పట్టుకుని దాంతో జెట్ ఫ్యూయెల్ చేస్తే ఆ కార్బన్ చివరికి గాల్లోకే పోతుంది, ఒకసారి ఆలస్యంగా పోతుంది అంతే. పవర్ ప్లాంట్ "మేం పట్టేశాం" అని సున్నా రాసుకుని, విమానం "మాది రీసైకిల్డ్" అని సున్నా రాసుకుంటే ఒకే కార్బన్‌కి ఇద్దరు క్రెడిట్ కొట్టేసినట్టు. దీనికి మందు సింపుల్: రెండు కార్బన్ బస్‌లు పెట్టండి, ఒకటి వాతావరణం, ఒకటి పట్టుకున్నది. ఫాజిల్ కాలిస్తే వాతావరణం బస్‌లోకి, క్యాప్చర్ చేస్తే పట్టుకున్న బస్‌లోకి, గాల్లోంచి లాగితే మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి, ఫ్యూయెల్ ప్లాంట్ రెండో దాంట్లోంచి తీసుకుంటుంది, విమానం మళ్ళీ మొదటి దాంట్లో పోస్తుంది. నెట్ జీరో అంటే మొదటి బస్‌లో ఏడాది చివరికి కొత్తగా ఏమీ చేరకూడదు. లెక్క దానంతట అదే సరిపోతుంది, ఎవరి క్రెడిట్ అనే గొడవే ఉండదు. సిమెంట్ ఫ్యాక్టరీ ఎమిషన్లలో సగానికి పైగా సున్నపురాయి నుంచే వస్తాయి, అవి ఇంధనం మార్చినా పోవు, అలాగే బయోగ్యాస్, ఇథనాల్ ప్లాంట్ల కార్బన్ ఉంటుంది. వీటి లొకేషన్, టన్నులు రీజియన్ వారీగా పెట్టండి, హైడ్రోజన్ చవకగా దొరికే చోటే కార్బన్ దొరకాలని రూలేం లేదు.

కరెంట్ నిజంగా గ్రీనేనా

గ్యాస్ నుంచి చేసే హైడ్రోజన్‌కి కేజీకి సుమారు 9 నుంచి 10 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. యూనిట్‌కి 0.5 కేజీ ఎమిషన్ ఉన్న గ్రిడ్ నుంచి ఎలక్ట్రోలైజర్ నడిపితే 26 కేజీలు. గ్రిడ్ యూనిట్‌కి 0.18 కేజీ దగ్గరికి దిగేదాకా గ్యాస్ హైడ్రోజనే మెరుగు అన్నమాట. అందుకే యూరోపియన్ యూనియన్ 2023 నాటి రూల్స్‌లో ఎలక్ట్రోలైజర్ కరెంట్‌ని రెన్యూవబుల్ ఉత్పత్తితో 2029 చివరి వరకూ నెల వారీగా, 2030 నుంచి గంట వారీగా సరిపోల్చాలని పెట్టింది. మోడల్‌లో ఇది ఒక్క లైన్ కన్‌స్ట్రెయింట్: కొత్తగా కట్టిన రెన్యూవబుల్ ఉత్పత్తి ఎలక్ట్రోలైజర్ వాడకం కంటే తక్కువ కాకూడదు, ఏడాది మొత్తానికి, నెలకి, గంటకి, మూడు వెర్షన్లూ నడపండి. ప్రతి వెర్షన్‌లోనూ హైడ్రోజన్ ఉన్నప్పుడు, లేనప్పుడు దేశం మొత్తం ఎమిషన్ తేడా తీసి టన్నులతో భాగించండి. ఆ అంకె నిజమైన ఎమిషన్ ఫ్యాక్టర్, సర్టిఫికెట్ మీద ఉండేది కాదు.

ఖర్చులో వడ్డీని తక్కువ అంచనా వెయ్యకండి

ఉదాహరణకి అనుకున్న అంకెలు: ఎలక్ట్రోలైజర్ కిలోవాట్‌కి 1500 డాలర్లు, 20 ఏళ్ళు, 40 శాతం కెపాసిటీ ఫ్యాక్టర్. కిలోవాట్‌కి ఏడాదికి 67 కేజీలు వస్తాయి. క్యాపిటల్ ఖర్చు 5 శాతం రేటు మీద కేజీకి 1.8 డాలర్లు, 12 శాతం మీద 3 డాలర్లు. అదే మెషీన్, అదే ఎండ. పైగా సోలార్, విండ్ కట్టేది కూడా అప్పుతోనే కాబట్టి కరెంట్ ధర కూడా పెరుగుతుంది, ఎలక్ట్రోలైజర్‌కి 12 శాతం పెట్టి కరెంట్‌కి ఎక్కడో చవక దేశపు వేలం ధర పెడితే సగం లెక్కే చేసినట్టు. ఎండ బాగున్న పేద దేశాలకి ఈ వడ్డీయే అడ్డం, ఇది రిజల్ట్‌లో దాక్కోకుండా విడిగా చూపించాలని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే పాలసీ వాళ్ళు మార్చగలిగే అంకెల్లో ఇదొకటి. సోషల్ డిస్కౌంట్ రేట్ (సమాజం తరఫున భవిష్యత్తు ఖర్చుల్ని ఇప్పటి విలువకి తెచ్చే రేట్) వేరు, ఇన్వెస్టర్ అడిగే రేట్ వేరు, రెండిటికీ ఒకే వాల్యూ వాడకండి.

మిగతా పట్టుకోవాల్సినవి

నీళ్ళు: కెమిస్ట్రీకి కేజీకి 9 లీటర్లు, శుద్ధి, కూలింగ్ కలిపితే 20 నుంచి 30 దాకా. సముద్రపు నీళ్ళు శుద్ధి చేసినా ఘనపు మీటర్‌కి 3-4 యూనిట్లే, అంటే కేజీకి 0.1 యూనిట్ లెక్క, ఎనర్జీలో ఇది కనపడదు కూడా. కానీ ఎండిపోయిన నదీ బేసిన్‌లో ఆ 30 లీటర్లు ఎవరి నోటి నుంచి తీస్తున్నాం అన్నది ఖర్చుతో తేలదు, బేసిన్‌కి ఇంత అని లిమిట్ పెట్టాల్సిందే.

లీకేజ్: హైడ్రోజన్ గాల్లో కలిస్తే పరోక్షంగా వేడి పెంచుతుంది, 100 ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 11-12 రెట్లు. చైన్‌లో ప్రతి మెట్టుకీ ఒక లీక్ శాతం పెట్టుకోండి.

రవాణా: ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలు, కేజీకి 10 యూనిట్ల పైనే ఖర్చు. అమ్మోనియా మైనస్ 33కే ద్రవం అవుతుంది కానీ దాన్ని మళ్ళీ హైడ్రోజన్‌గా విడగొడితే చాలా పోతుంది, అమ్మోనియాగానే వాడుకునే చోటుకే పంపాలి. నా అభిప్రాయం ఏంటంటే ఎగుమతి, దిగుమతి ఆప్షన్లలో హైడ్రోజన్‌తో పాటు తయారైన ఇనుము, ఎరువు, మెథనాల్ కూడా పెట్టాలి, చాలాసార్లు గ్యాస్‌ని మోసుకెళ్ళడం కంటే సరుకుని మోసుకెళ్ళడమే తేలిక. ఎగుమతి డిమాండ్‌ని మాత్రం దేశ అవసరంతో కలపకుండా విడి సీనారియోగా ఉంచండి, లేకపోతే గ్రిడ్‌లో బొగ్గు ఇంకా మండుతుండగానే మంచి గాలి సైట్లన్నీ ఎగుమతికి పోయిన విషయం ఎవరికీ కనపడదు.

కట్టే స్పీడ్: లీనియర్ మోడల్‌కి (ఖర్చులు, షరతులు అన్నీ సరళ సమీకరణాలుగా ఉండే మోడల్‌కి) ఓపిక ఉండదు, ధర కలిసొచ్చిన ఏడాదే 40 గిగావాట్లు కట్టేస్తుంది. గత ఐదేళ్ళలో కట్టినదానికి ఇన్ని రెట్లు మించకూడదని గ్రోత్ లిమిట్ పెట్టండి.

రిజల్ట్ చదవడం

మొదట చూడాల్సింది హైడ్రోజన్ బస్ మీద గంట గంటకీ వచ్చే షాడో ప్రైస్, అంటే ఆ గంటలో ఇంకో యూనిట్ హైడ్రోజన్ కావాలంటే మొత్తం ఖర్చు ఎంత పెరుగుతుందో ఆ ధర. ఏడాదంతా గీత గీసినట్టు ఫ్లాట్‌గా ఉంటే స్టోరేజ్ ఖర్చు సున్నా అయిపోయి ఉండొచ్చు. ఎలక్ట్రోలైజర్ 90 శాతం నడుస్తుంటే కరెంట్ ఎక్కడి నుంచి వస్తుందో వెతకండి. హైడ్రోజన్ ఇళ్ళ వేడిలో గెలిచిందంటే హీట్ పంప్ డేటా సరిచూడండి, లేదా చలి పీక్‌లో కరెంట్ లైన్ల కొరత నిజంగా ఉందేమో చూడండి, రెండోది అయితే అది విలువైన రిజల్ట్.

తర్వాత, ఒక్క ఆప్టిమల్ జవాబుని నమ్మి రిపోర్ట్ రాయకండి. లీనియర్ మోడల్‌లో ఎలక్ట్రోలైజర్ ధర కాస్త కదిలితే సొల్యూషన్ ఒక మూల నుంచి ఇంకో మూలకి దూకేస్తుంది. కనీస ఖర్చు వచ్చాక, మొత్తం ఖర్చు దానికి 5 శాతం మించకూడదు అని కన్‌స్ట్రెయింట్ పెట్టి, ఆబ్జెక్టివ్ (మోడల్ దేన్ని తగ్గించాలో, పెంచాలో చెప్పే లక్ష్యం) మార్చి హైడ్రోజన్‌ని వీలైనంత తగ్గించమని ఒక రన్, వీలైనంత పెంచమని ఒక రన్ చెయ్యండి. రెండిట్లోనూ ఉన్న వాడకాలు (ఎరువు, స్టీల్ లాంటివి వస్తే) వాటి మీద ధైర్యంగా పెట్టుబడి పెట్టొచ్చు, ఒక్క రన్‌లోనే కనిపించేవి ఇంకా ఆగి చూడాల్సినవి, పైప్‌లైన్ లాంటి 40 ఏళ్ళ ఆస్తి వాటి మీద ఆధారపడి కట్టకూడదు. టన్నులు చెప్పేటప్పుడు ఒక్క అంకె కాకుండా ఆ రెండు రన్‌ల మధ్య రేంజ్ చెప్పండి, ఇన్‌పుట్ ఫైళ్ళు కూడా రిపోర్ట్‌తో పాటే పెట్టండి, ఎవరైనా వడ్డీ రేటో కనీస లోడో మార్చి మళ్ళీ నడుపుకుని చూసేలా ఉండాలి.